చొక్కా కింద రివాల్వర్, గేటు మీద బోర్డు

పాఠకుల ప్రశ్నలు – లాయర్ గారి జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ఆయుధాల లైసెన్స్ రెన్యూవల్ గురించి ఒకాయన అడిగితే నాలుగు ముక్కలు రాశాను, దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. చెక్ బౌన్సులూ గట్టు తగాదాలూ వచ్చే నెలకి వాయిదా వేసి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాం. దాదాపు అందరిదీ ఒకటే డౌటు: లైసెన్స్ ఉంది, గన్ చొక్కా కింద ఉంది, కానీ వెళ్ళిన చోట ఓనరు వద్దంటున్నాడు, అప్పుడు ఎవరి మాట చెల్లుతుంది అని.

ప్రశ్న: మాకు కానూరు వైపు ఫంక్షన్ హాల్ ఉందండి. మాఘమాసం పెళ్ళిళ్ళప్పుడు పెళ్ళికొడుకు తరఫున ఒక కాంట్రాక్టరు నడుముకి రివాల్వర్ పెట్టుకుని, చొక్కా పైకి వదిలేసి వచ్చాడు. భోజనాల దగ్గర వంగినప్పుడు పిల్లలు చూసి ఒకటే గోల. ఆయుధాలతో లోపలికి రాకూడదు అని గేటు దగ్గర బోర్డు పెట్టే ఉంచాం. అదే చెప్తే "నాకు లైసెన్స్ ఉంది, కమిషనర్ ఇచ్చాడు, ఆపటానికి నువ్వెవరు" అన్నాడు. పెళ్ళివాళ్ళు కూడా పెద్దమనిషి, వదిలెయ్యండి అన్నారు. మా హాల్‌కి మేం పెట్టుకున్న రూల్‌కి విలువ ఉందా లేదా? ఈసారి ఎవరైనా అలా వస్తే గన్ తీసుకుని కౌంటర్లో పెట్టి వెళ్ళేటప్పుడు ఇచ్చెయ్యొచ్చా?
— ఫంక్షన్ హాల్ ఓనర్, విజయవాడ

జవాబు: విలువ ఉందండి. ముందు ఆ కాంట్రాక్టర్ గారి మాటలో తప్పెక్కడుందో చూద్దాం, ఎందుకంటే లైసెన్స్‌డ్ గన్ ఉన్నవాళ్ళలో చాలామంది ఇదే అంటారు, ఎదురుగా ఉన్నవాళ్ళు కూడా కమిషనర్ పేరు వినగానే తగ్గిపోతారు. 1959 ఆయుధాల చట్టం ఏమంటుందంటే లైసెన్స్ లేకుండా ఎవరూ తుపాకీ పెట్టుకోకూడదు అంటుంది, లైసెన్స్ ఆ నిషేధాన్ని ఆయన వరకు ఎత్తేస్తుంది, అంతే. అది ఆయనకీ ప్రభుత్వానికీ మధ్య లెక్క. మీ హాల్లోకో మా ఇంట్లోకో ఇంకొకళ్ళ షాపులోకో గన్‌తో రావచ్చు అని ఆ లైసెన్స్ పుస్తకంలో ఏ పేజీలోనూ ఉండదు. హాల్ మీది, ఎవరు రావాలి, ఏం తీసుకుని రావాలి అని చెప్పే హక్కు మీది.

ఇంకో సంగతి, లైసెన్స్ వెనక షరతులు ఉంటాయి, వాటిని చదివినవాళ్ళు నాకు తక్కువ తగిలారు. స్పెషల్‌గా పర్మిషన్ ఉంటే తప్ప ఆ ఆయుధాన్ని జాతరలకి, మతపరమైన ఊరేగింపులకి, జనం గుమిగూడే చోట్లకి, కాలేజీలూ స్కూళ్ళ ఆవరణల్లోకి తీసుకెళ్ళకూడదు అని వాటిలో ఒకటి. వెయ్యిమంది వచ్చే పెళ్ళి జనం గుమిగూడే చోటు కిందికి వస్తుందా రాదా అని కోర్టులో వాదించుకోవచ్చు, ఆయన తరఫున నేనైతే రాదనే వాదిస్తాను, కానీ గెలుస్తానని మాత్రం ఫీజు తీసుకునేటప్పుడు చెప్పను. షరతు తప్పితే సెక్షన్ 30 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 2000 రూపాయల దాకా ఫైను, లేదా రెండూ. ఫైను చూసి నవ్వుకోకండి, ఆ కేసు ఒక్కటి పడితే రెన్యూవల్ ఫైలు ముందుకి కదలదు, ఆయనకి నొప్పి అక్కడ.

2016లో వచ్చిన ఆయుధాల రూల్స్ ఇంకా స్పష్టంగా ఉన్నాయి. పబ్లిక్ ప్లేస్‌లో రివాల్వరో పిస్టలో మోస్తే హోల్‌స్టర్లోనో అలాంటి కవర్లోనో ఒంటికి కట్టుకుని ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, అది ఎప్పుడూ తన కంట్రోల్లో ఉండాలి. బయటికి తీసి చూపించటం, ఝళిపించటం పూర్తిగా నిషేధం. అలా చేస్తే లైసెన్స్ సస్పెండ్ చెయ్యొచ్చు, రద్దు కూడా చెయ్యొచ్చు. మనవైపు చాలామంది ఎలా పెట్టుకుంటారో మీకు తెలుసు, ప్యాంటులో దోపుకుని పైన చొక్కా వదిలేస్తారు, సగం దాచినట్టు సగం చూపించినట్టు, ఆ చూపించే సగం కోసమే కొందరు లైసెన్స్ తీసుకుంటారని నా అనుమానం. వంగితే పిల్లలకి కనపడిందంటే అది కప్పినట్టు కాదు.

ఇక బోర్డు ఉన్నా లోపలికొచ్చాడు కాబట్టి వెంటనే ట్రెస్‌పాస్, అంటే అక్రమంగా చొరబడ్డాడని, కేసు పెట్టెయ్యొచ్చా అంటే, తొందరపడకండి. మన దగ్గర బోర్డు దాటటం అనేది దానికదే ఒక నేరం కాదు. ఆయన పిలిస్తే వచ్చిన చుట్టం. భారతీయ న్యాయ సంహిత 329 ప్రకారం, అంటే పాత ఐపీసీ 441, 447 అన్నమాట, నేరం చెయ్యటానికో బెదిరించటానికో అవమానించటానికో చిరాకు పెట్టటానికో లోపలికి రావాలి, లేదా మామూలుగా వచ్చినవాడు ఆ ఉద్దేశంతో కదలకుండా ఉండిపోవాలి. అందుకని అసలు కథ మీరు బయటికి వెళ్ళండి అన్న నిమిషం నుంచి మొదలవుతుంది. నలుగురి ముందు మర్యాదగా, స్పష్టంగా, గన్ బయట పెట్టి రండి లేదా దయచేసి వెళ్ళండి అని చెప్పాలి. చెప్పాక కూడా నువ్వెవరు అని నడుము మీద చెయ్యేసి నిలబడితే అప్పుడు మీకు సెక్షన్ ఉంది, మూడు నెలల వరకు జైలు లేదా 5000 దాకా ఫైను లేదా రెండూ. వాదన పెంచకుండా 112కి ఫోన్ చెయ్యండి, సీసీ కెమెరా ఫుటేజ్ చెరిగిపోకుండా కాపీ తీయించి పెట్టండి. పోలీసులు వచ్చి లైసెన్స్ చూపించమంటే ఆయన చూపించి తీరాలి, మీరు అడిగితే చూపించాలని లేదు.

పెళ్ళివాళ్ళు వదిలెయ్యమన్నారు అన్నారు కదా, ఆ ఒక్క రోజుకి హాల్ వాళ్ళ చేతిలో ఉంటుంది కాబట్టి వాళ్ళ మాటకి బలం వచ్చేస్తుంది. దీనికి మందు బుకింగ్ ఫామ్‌లో ఉంది. కరెంటు చార్జీలు, డీజే టైమింగు, బాణసంచా గురించి రాసుకుంటారు కదా, ఆ పక్కనే లైసెన్స్ ఉన్నా లేకపోయినా ఆయుధాలతో ఎవరినీ రానివ్వం, దీనికి బుక్ చేసుకున్నవాళ్ళదే బాధ్యత అని ఒక లైను కలిపి సంతకం పెట్టించుకోండి. బోర్డు కన్నా ఈ సంతకం గట్టిది.

కౌంటర్లో పెట్టుకోవటం మాత్రం వద్దండి, చెప్తున్నాను, అస్సలు వద్దు. గుడి బయట చెప్పుల స్టాండులాగా టోకెన్ ఇచ్చి తీసుకునే వస్తువు కాదది. ఆయన లైసెన్స్ ఆయనది, మీ కౌంటర్ కుర్రాడికి లైసెన్స్ లేదు. లైసెన్స్ లేని చేతుల్లో తుపాకీ దొరికితే సెక్షన్ 25 కింద 2019 సవరణ తర్వాత తక్కువలో తక్కువ రెండేళ్ళు, అయిదేళ్ళ దాకా పోవచ్చు. పైగా లోడ్ చేసి ఉందో లేదో వాడికేం తెలుసు. మీరు గన్ ముట్టుకోకండి, మనిషిని ఆపండి, గన్ ఎక్కడ పెట్టుకోవాలో అది ఆయన తలనొప్పి.

ఎవరైనా ఉత్సాహం ఎక్కువై గాల్లోకి పేలిస్తే, మనవైపు ఇది తక్కువే గానీ ఉత్తరాదిలో పెళ్ళిళ్ళలో ప్రాణాలు పోయాయి, ఆ 2019 సవరణలోనే దానికి వేరే శిక్ష పెట్టారు, రెండేళ్ళ వరకు జైలు లేదా లక్ష దాకా ఫైను లేదా రెండూ. లైసెన్స్ ఉందనేది అక్కడ పనికిరాదు.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం అండి. సీజన్లో డబ్బుతో తిరగాలి కాబట్టి .32 రివాల్వర్‌కి లైసెన్స్ తీసుకున్నా. కొత్తపేటలో హాస్పిటల్‌కి వెళ్తే గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ పెట్టి ఆపారు. కార్లో డ్యాష్‌బోర్డులో పెట్టి తాళం వేసి వెళ్ళా, ఒక్కోసారి డ్రైవర్ చేతికి ఇచ్చి వెళ్తా. నమ్మకస్తుడే. ఇది కరెక్టేనా?
— మిర్చి వ్యాపారి, గుంటూరు

జవాబు: రెండూ కరెక్ట్ కాదండి, రెండోది ఇంకా కాదు.

డ్రైవర్ సంగతి ముందు. లైసెన్స్ లేని మనిషి తుపాకీ మొయ్యటానికి చట్టంలో చిన్న సందు ఉంది, లైసెన్స్ ఉన్నవాడి ఎదురుగా, లేదా అతను రాసిచ్చిన అనుమతితో, రిపేరుకో రెన్యూవల్‌కో లేదా ఆ లైసెన్స్‌దారు వాడుకోవటం కోసమో అయితే మొయ్యొచ్చు. మీరు పక్కన ఉండగా బ్యాగ్ పట్టుకోవటం దీని కిందికి వస్తుందేమో గానీ, మీరు మూడో అంతస్తులో స్కానింగ్ చేయించుకుంటుంటే కింద కార్లో అతనొక్కడే రివాల్వర్‌తో కూర్చోవటం రాదు. ఎవరైనా కంప్లయింట్ ఇస్తే మొదట ఇరుక్కునేది అతనే, నమ్మకస్తుడు అన్నారు కాబట్టి చెప్తున్నా.

డ్యాష్‌బోర్డు తాళం సంగతికొస్తే, లైసెన్స్ తీసుకునేటప్పుడు ఆయుధాన్ని భద్రంగా దాచుకుంటాను అని రాసిచ్చి ఉంటారు, గుర్తుందో లేదో. కారు అద్దం పగలగొట్టి ఎత్తుకుపోతే మీరు వెంటనే స్టేషన్‌లో చెప్పాలి, ఆ తర్వాత విచారణలో మొదటి ప్రశ్న దాన్ని కార్లో ఎందుకు వదిలారు అనే. మీ గన్‌తో రేపు ఎక్కడో ఏదైనా జరిగితే ఆ నంబరు పట్టుకుని మీ ఇంటికే వస్తారు.

హాస్పిటల్ వాళ్ళు ఆపటం వాళ్ళ ఇష్టం. ప్రైవేటు సెక్యూరిటీకి పోలీసులకి ఉన్నట్టు సోదా చేసే అధికారం లేదు, మీరు ఒప్పుకోకపోతే మీ జేబులో చెయ్యి పెట్టకూడదు, కానీ ఒప్పుకోకపోతే లోపలికి రానివ్వం అనే హక్కు ఉంది, ఆ రెండింటికీ మధ్య పోట్లాడి లాభం లేదు. కాబట్టి పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే ఆలోచించుకోండి. డబ్బు మోసే రోజు గన్ పెట్టుకోండి, ఆ రోజు ఆసుపత్రి, కోర్టు, గుడి, పిల్లల కాలేజీ పెట్టుకోకండి. మిగతా రోజు ఇంట్లో బీరువాలో తాళం వేసి, తూటాలు వేరేగా పెట్టి రండి. ఎక్కువ రోజులు ఊరికి వెళ్తుంటే స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవచ్చు, ఎన్నికలప్పుడు ఎలాగూ నోటీసు ఇచ్చి పెట్టించుకుంటారు కదా, అదే పద్ధతి.

ఇంకోటి, మీది గుంటూరు కాబట్టి లైసెన్స్ కలెక్టర్ ఆఫీసు నుంచి వచ్చి ఉంటుంది, విజయవాడలో అయితే పోలీస్ కమిషనర్. ఏ ఏరియా వరకు చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. సరుకు డబ్బుల కోసం పక్క రాష్ట్రం వెళ్ళేటప్పుడు అది ఒకసారి చూసుకోండి, కృష్ణ దాటటం వేరు, రాష్ట్రం దాటటం వేరు.

ప్రశ్న: సార్, మా అబ్బాయి డాలస్‌లో సాఫ్ట్‌వేర్, హెచ్ 1 బి మీద ఉన్నాడు. వాడి ఫ్రెండ్‌కి గ్రీన్ కార్డ్ ఉంది, గ్యాస్ స్టేషన్ నడుపుతాడు, రాత్రుళ్ళు భయంగా ఉంటుందని రెండు పిస్టళ్ళు కొనుక్కుని ఒకటి మావాడికి ఇచ్చాడంట, వీకెండ్ షాపులో సాయానికి వచ్చినప్పుడు ఉంటుందిలే అని. వీడియో కాల్‌లో చూపించి నవ్వుతున్నాడు. టెక్సాస్‌లో అందరికీ ఓకే, లైసెన్స్ కూడా అక్కర్లేదు అంటాడు. గుడి దగ్గర, ఆఫీసు దగ్గర గన్ తేవద్దని బోర్డులు ఉంటాయంట, అవి ఎవరూ పట్టించుకోరు, పట్టుకున్నా చిన్న ఫైనే అంటాడు. వాళ్ళ నాన్నగారికి చెప్తే బీపీ పెరుగుతుందని చెప్పలేదు. నిజంగా అంత తేలికా?
— ఒక తల్లి, మొగల్రాజపురం

జవాబు: అమ్మా, మీవాడు బోర్డుల గురించి చెప్పింది సగం నిజం, కానీ వాడి సమస్య బోర్డు దగ్గర లేదు, దానికన్నా చాలా ముందే ఉంది. అందుకే వాడు చెప్పిన వరసలో కాకుండా నా వరసలో చెప్తాను.

అమెరికాలో రెండు రకాల చట్టాలు ఒకేసారి నడుస్తాయి, రాష్ట్రాలవి, కేంద్రానివి. టెక్సాస్‌లో లైసెన్స్ అక్కర్లేదు అన్నది రాష్ట్రం మాట, 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళు పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ మొయ్యొచ్చు. అయితే అందులోనే ఉంది, చట్టప్రకారం గన్ పెట్టుకోవటానికి అర్హత ఉన్నవాళ్ళకి మాత్రమే అని. ఆ అర్హత దగ్గర కేంద్ర చట్టం వస్తుంది. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు, అంటే ఎఫ్ 1 స్టూడెంట్లు, హెచ్ 1 బి వాళ్ళు, బి 1 బి 2 మీద చూడటానికి వెళ్ళే మీలాంటి అమ్మానాన్నలు, వీళ్ళెవరూ కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. కొన్నాడా, ఫ్రెండ్ ఇచ్చాడా, ఊరికే డ్రాయర్లో ఉందా అని తేడా లేదు. శిక్ష 2022లో పెంచారు, పదిహేనేళ్ళ వరకు. ఇచ్చిన ఆ ఫ్రెండ్‌కి కూడా, వీడు హెచ్ 1 బి అని తెలిసి ఇచ్చాడు కాబట్టి, వేరే కేసు అవుతుంది. గ్రీన్ కార్డ్ ఉన్నవాడు కొనుక్కోవచ్చు, పక్కవాడికి పంచిపెట్టకూడదు. పైగా గన్ కేసుల్లో శిక్ష పడితే డిపోర్టేషన్‌కి, అంటే దేశం నుంచి పంపించెయ్యటానికి, అదొక కారణం, గ్రీన్ కార్డ్ ఉన్నా సరే.

మినహాయింపుల్లో ఒకటి వేట లైసెన్స్, రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే ఈ నిషేధం వర్తించదు. దాన్ని పట్టుకుని హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే చాలంట రా అని వాట్సాప్‌లో సలహాలిచ్చే బ్యాచ్ ఒకటుంది. చట్టంలో ఉన్నమాట నిజమే గానీ అది ఎక్స్‌పైర్ అయిన రోజు గన్ ఇంట్లోనే ఉంటే మళ్ళీ మొదటికే వస్తుంది, ముందే గన్ పెట్టుకుని తర్వాత లైసెన్స్ తీసుకుంటే వెనకటి రోజుల లెక్క అలాగే ఉంటుంది. జింకని కూడా చూడని సాఫ్ట్‌వేర్ కుర్రాడు వీసా మొత్తం దాని మీద పెట్టటం నాకైతే నచ్చలేదు.

హెచ్ 1 బి వాడు వీకెండ్ గ్యాస్ స్టేషన్‌లో సాయం చెయ్యటం అన్నారు, అదీ వీసాకి చిక్కే, ఆ లైన్ నేను చదవలేదనుకోండి, మీరు మాత్రం వాడికి చదివి వినిపించండి.

ఇప్పుడు బోర్డుల సంగతి, గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉండి గన్ పెట్టుకున్న మనవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ళ అమ్మానాన్నలు కూడా ఈ పేజీ చదువుతారు కాబట్టి వివరంగా రాస్తున్నా. టెక్సాస్‌లో ప్రైవేటు స్థలం ఓనరు గన్ వద్దు అనదలుచుకుంటే ఇష్టమొచ్చినట్టు రాసిన బోర్డు సరిపోదు, మాటలు కూడా చట్టంలోనే ఉన్నాయి, అవే ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తు అక్షరాలతో, రంగు కొట్టొచ్చినట్టు, అందరికీ కనపడే చోట పెట్టాలి. లైసెన్స్ తప్పనిసరి కాకపోయినా అది ఉండి దాచి మోసేవాళ్ళ కోసం ఒక బోర్డు, దాని సెక్షన్ నంబరు 30.06, అక్కడివాళ్ళు థర్టీ ఓ సిక్స్ బోర్డు అంటారు. పైకి కనపడేలా మోసేవాళ్ళ కోసం 30.07. లైసెన్స్ లేకుండా మోసేవాళ్ళకి 30.05. అందుకే కొన్ని షాపుల అద్దాల మీద ఆఫర్ల పోస్టర్ కన్నా ఈ బోర్డులే ఎక్కువ జాగా తింటాయి. గుళ్ళు, చర్చిలు కూడా వద్దనుకుంటే ఇలాగే నోటీసు ఇవ్వాలి.

30.06 బోర్డు చూసి కూడా లోపలికెళ్తే 200 డాలర్ల దాకా ఫైను, మీవాడు చిన్న ఫైనే అన్నది ఇదే. వాడు మీకు చెప్పనిది తర్వాతి లైను. లోపల ఎవరైనా నోటితో గన్ ఉంది వెళ్ళిపో అని చెప్పాక కూడా కదలకపోతే అదే నేరం ఒక్కసారిగా ఏడాది దాకా జైలు, 4000 డాలర్ల దాకా ఫైను అయిపోతుంది. చొక్కా కింద దాచుకున్నదాన్ని ఎవరు చూస్తారులే అనే ధైర్యం ఉంటుంది చూడండి, చూసేవరకే పనికొస్తుంది. ఇంకా ఎర్ర అంకెలతో 51 శాతం అని బోర్డు ఉంటుంది, ఆదాయంలో 51 శాతమో అంతకన్నా ఎక్కువో మందు అమ్మకం మీద వచ్చే బార్లకి. అక్కడ గన్‌తో వెళ్తే ఫైనుతో పోయే వ్యవహారం కాదు, చాలా పెద్ద కేసు.

ఆఫీసు సంగతి: కంపెనీ లోపలికి వద్దనొచ్చు, ఉద్యోగం తీసేయొచ్చు, కానీ 2011 నుంచి టెక్సాస్‌లో ఒక చట్టం ఉంది, అర్హత ఉన్న ఉద్యోగి తన సొంత కారు లాక్ చేసి అందులో గన్ పెట్టుకుంటే పార్కింగ్‌లో కూడా వద్దు అని చాలా కంపెనీలు అనటానికి లేదు. గుంటూరు మిర్చి వ్యాపారి గారికి కార్లో వద్దని పైన రాశాను కదా, ఈ ముక్క చదివి ఆయన మీవాడి మాట పట్టుకోకూడదు, అక్కడి కారు చట్టం అక్కడిదే.

రాష్ట్రం మారితే కథ మారుతుంది. కొన్నిచోట్ల బోర్డుకి చట్టబలమే లేదు, ఓనరు నోటితో వెళ్ళమన్నాక ఉంటేనే ట్రెస్‌పాస్, దాదాపు మన పద్ధతే. ఇంకొన్నిచోట్ల పూర్తిగా తలకిందులు. 2022 జూన్‌లో న్యూయార్క్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు బయట గన్ మొయ్యటం రాజ్యాంగ హక్కు అని తీర్పిచ్చాక, న్యూయార్క్ వాళ్ళు ఓనరు ఒప్పుకుంటేనే ప్రైవేటు స్థలంలోకి గన్ రావాలి, బోర్డు లేకపోతే వద్దన్నట్టే లెక్క అని చట్టం చేశారు. జనం వచ్చిపోయే షాపుల వరకు దాన్ని అప్పీలు కోర్టు నిలిపేసింది. హవాయి కూడా 2023లో అలాంటిదే చేస్తే ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. టెక్సాస్‌లో బోర్డు లేకపోతే రావచ్చు, అక్కడేమో ఓనరు రమ్మంటేనే రావాలి అని చట్టం పెట్టారు. డాలస్ నుంచి వేరే రాష్ట్రానికి కారేసుకుని వెళ్ళేవాళ్ళు ఇది చూసుకోకుండా వెళ్తారు.

మీరు చెయ్యాల్సిందేంటంటే, ఫోన్‌లో తిట్టకండి, వీడియో కాల్‌లో మళ్ళీ చూపించమనకండి. ఆ వీడియో స్క్రీన్‌షాట్ ఎవరికైనా పంపి ఉంటే ఇంకెవరికీ పంపొద్దు, మీ అక్కచెల్లెళ్ళ గ్రూపులో అస్సలు పెట్టొద్దు. వాడే దాన్ని కార్లో వేసుకుని ఫ్రెండ్‌కి తిరిగిచ్చేస్తా అని బయల్దేరకూడదు, దారిలో పోలీసు ఆపితే అక్కడే అయిపోతుంది. ముందు అక్కడ క్రిమినల్ కేసులూ ఇమిగ్రేషనూ రెండూ తెలిసిన అటార్నీకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పి, దాన్ని ఎలా వదిలించుకోవాలో ఆయన చెప్పినట్టే చెయ్యమనండి. ఫీజు ఎక్కువే, వాడి వీసా కన్నా తక్కువ. గన్ షాపుకి వెళ్ళి సొంతంగా కొనుక్కుంటా అని మాత్రం అనొద్దనండి, అక్కడ 4473 అనే ఫామ్ నింపాలి, అందులో వీసా సంగతి సూటిగా అడుగుతారు, అబద్ధం రాస్తే అది ఇంకో నేరం. షూటింగ్ రేంజ్‌లో ఫొటోలు దిగి ఇన్‌స్టాలో పెట్టే ఎఫ్ 1 పిల్లలకి కూడా ఇదే వర్తిస్తుంది, ఆ ఫొటోలు చూస్తే నాకు భయమేస్తుంది, వాళ్ళకి లైకులొస్తాయి.

వాళ్ళ నాన్నగారికి కూడా చెప్పండమ్మా, అటార్నీ ఫీజు అన్నప్పుడు ఎలాగూ తెలుస్తుంది.

ప్రశ్న: బ్రాడీపేటలో అపార్ట్‌మెంట్. మా ఫ్లాట్‌లో లైసెన్స్‌డ్ గన్ ఉందని తెలిసి అసోసియేషన్ వాళ్ళు బిల్డింగ్‌లో ఆయుధాలే ఉండకూడదని తీర్మానం చేశారు. చెల్లుతుందా?
— రిటైర్డ్ ఉద్యోగి, గుంటూరు

జవాబు: మీ ఫ్లాట్ నాలుగు గోడల మధ్య బీరువాలో ఉన్నదాని మీద చెల్లదని నా అభిప్రాయం. లిఫ్టు, కారిడారు, జిమ్ము, మీటింగ్ హాలు, ఇవి అందరివీ కాబట్టి అక్కడ వద్దంటే వినాలి. అసోసియేషన్ మీటింగ్‌కి నడుముకి పెట్టుకుని వెళ్ళారా ఏమైనా? వెళ్ళి ఉంటే తీర్మానం ఎందుకొచ్చిందో అర్థమవుతోంది. అద్దెకుంటుంటే మాత్రం అగ్రిమెంట్ చూసుకోండి, ఓనరు అందులో షరతు రాయించుకుని ఉంటే అది వేరే కథ.

ప్రశ్న: మా పాప 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. కోచింగ్ నుంచి వస్తూ బందర్ రోడ్డులో ఒక మాల్‌కి వెళ్తే బ్యాగ్‌లో పిస్టల్ చూసి సెక్యూరిటీ వాళ్ళు పెద్ద గొడవ చేశారు. దానికి లైసెన్స్ అక్కర్లేదని చెప్పినా వినలేదు.
— ఒక తండ్రి, పటమట

జవాబు: లైసెన్స్ అక్కర్లేదన్నది నిజమే. 4.5 మిల్లీమీటర్లు, అంటే .177 బోరు దాటకుండా, 20 జౌల్స్ శక్తి దాటకుండా ఉన్న ఎయిర్ గన్‌కి మన రూల్స్‌లో లైసెన్స్ లేదు, పోటీల్లో వాడే 10 మీటర్ల పిస్టల్ అందులోకే వస్తుంది. కానీ మాల్ వాళ్ళు ఆపింది లైసెన్స్ లేదని కాదు, మా లోపలికి వద్దని. అది వాళ్ళు అనొచ్చు. ఎక్స్‌రేలో కనపడేది పిస్టల్ ఆకారం, గేటు దగ్గర కుర్రాడికి జౌల్స్ లెక్క ఏం తెలుస్తుంది చెప్పండి. తాళం వేసే కేసులోనే తీసుకెళ్ళండి, కొన్న బిల్లు, పాప ఐడీ, క్లబ్ కార్డు కాపీ అందులోనే పెట్టండి, కోచింగ్ నుంచి ముందు ఇంటికొచ్చి పెట్టేసి తర్వాత మాల్‌కి వెళ్ళండి. ఆటోలో, సిటీ బస్సులో సరదాకి కూడా కేసు తెరవొద్దని పాపకి చెప్పండి, చూసినవాళ్ళు అది ఎయిర్ పిస్టలా కాదా అని ఆగి ఆలోచించరు. మెడల్ వస్తే మా పత్రికకి ఫొటో పంపండి.

ప్రశ్న: సూర్యారావుపేటలో మాది చిన్న నర్సింగ్ హోమ్. ఆయుధాలు నిషిద్ధం అని బోర్డు పెడదామనుకుంటున్నాం, ఏ మాటలతో రాయాలి, ఏ సైజు? నాయకులు పేషెంట్లుగా వచ్చినప్పుడు గన్‌మ్యాన్లని ఆపొచ్చా?
— ఒక డాక్టర్, విజయవాడ

జవాబు: ప్రైవేటు బోర్డుకి ఇవే మాటలు, ఇదే సైజు అని టెక్సాస్‌లో లాగా మన దగ్గర లేదు. ప్రభుత్వం ఫలానా చోటు ఆయుధరహిత ప్రాంతం అని నోటిఫై చేస్తే అది వేరే, మీది ఓనరు మాట. తెలుగులో పెద్దగా, కింద ఇంగ్లీషులో, "లైసెన్స్ ఉన్నా సరే" అనే ముక్క తప్పకుండా కలిపి రాయండి, లేకపోతే ప్రతివాడూ లైసెన్స్ తీసి చూపిస్తాడు. క్యాష్ కౌంటర్ దగ్గర కాదు, గేటు దగ్గర, కారు దిగేచోట పెట్టండి, లోపలికొచ్చాక చదివితే గొడవే.

గన్‌మ్యాన్ల విషయం, ప్రభుత్వం ఇచ్చిన పీఎస్ఓలు డ్యూటీలో ఉన్న పోలీసులు, వాళ్ళ ఆయుధం డిపార్ట్‌మెంట్‌ది, వాళ్ళతో బోర్డు చూపించి వాదించకండి. ఐసీయూ తలుపు బయట కుర్చీ వేసి, లోపల ఆక్సిజన్ ఉంది, వేరే పేషెంట్లు ఉన్నారు అని చెప్తే మామూలుగా వింటారు, వినకపోతే వాళ్ళ పై ఆఫీసరుకి ఫోన్ చెయ్యండి. నాయకుడు సొంతంగా జీతమిచ్చి పెట్టుకున్న తుపాకీ మనిషి అయితే మాత్రం వాడికి బోర్డు వర్తిస్తుంది, మామూలు విజిటర్‌ని ఆపినట్టే ఆపండి.